ఆర్వీలో ఉండేది మన ఇంటి ఇన్వర్టర్ కాదు

సంపాదకులకు,

వేసవి వస్తే అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఆర్వీ (పడకలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో యోసెమిటీకో బయల్దేరడం మామూలైంది. బండిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటారు, రైస్ కుక్కరూ ఉంటుంది. ఈ యాత్రల మీద వచ్చే వ్యాసాల్లో ఏమేం చూడాలో రాస్తారు గానీ, బండిలో కరెంటు ఎలా నడుస్తుందో రాయరు. తిప్పలన్నీ అక్కడే.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంట్లో ఉండే ఇన్వర్టర్ కరెంటున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, పోయాక ఫ్యాన్లు తిప్పుతుంది. ఆర్వీలోనూ అంతేననుకుంటారు మనవాళ్లు. చాలా అద్దె బండ్లలో ఉండేది కన్వర్టర్. దాని పని ఒకవైపే. క్యాంప్‌గ్రౌండ్‌లో బండి పక్కనుండే కరెంటు స్తంభం (పెడెస్టల్) నుంచి వచ్చే 120 వోల్టుల కరెంటును, అంటే షోర్ పవర్‌ను, 12 వోల్టుల డీసీగా మార్చి లైట్లకు, నీళ్ల పంపుకు, హీటర్ ఫ్యానుకు ఇస్తుంది, బ్యాటరీనీ నింపుతుంది. ప్లగ్గు పీకితే ఇవన్నీ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడ సాకెట్లు మాత్రం ఆగిపోతాయి. లైటు వెలిగి కుక్కర్ పనిచేయకపోతే ఏదో చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు. దానికి జనరేటరో, విడిగా ఇన్వర్టరో ఉండాలి. ఇన్వర్టర్ ఉన్నా 500 వాట్ల కుక్కర్ బ్యాటరీ నుంచి 45 ఆంపియర్ల దాకా లాగేస్తుంది.

అసలు పరీక్ష రాత్రి చలిలో. హీటర్ మండేది ప్రొపేన్ గ్యాసుతోనే అయినా ఫ్యాను తిరిగేది బ్యాటరీతో. అది 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటల్లో సగంసేపు తిరిగినా 30 ఆంపియర్-అవర్లు ఖర్చు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే. ఆ 30కి సాయంత్రం వేసిన లైట్లు, గ్యాస్ డిటెక్టర్, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు కలపండి. తెల్లవారుజామున వోల్టేజి పడిపోయి ఫ్యాను నీరసంగా తిరుగుతుంది; ఆ గాలి చాలక లోపలి సెయిల్ స్విచ్ పడదు, అది పడందే మంట అంటుకోదు. నిండు సిలిండర్ పెట్టుకుని వణకడమంటే ఇదే. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా కరెంటు పాయింట్లు లేవు. జనరేటరూ ఉదయం 7-9, మధ్యాహ్నం 12-2, సాయంత్రం 5-7 మధ్యే వేయాలి. బాగా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు గంటల్లో నిండదు, చివరి భాగం మరీ నిదానంగా ఎక్కుతుంది. ఎల్లోస్టోన్‌లో అయితే కరెంటు పాయింట్లున్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కదాంట్లోనే.

పెడెస్టల్ దొరికినా లెక్క తప్పదు. 30 ఆంపియర్ల పాయింటు అంటే 3,600 వాట్లు. ఏసీకి 13 నుంచి 15 ఆంపియర్లు, మైక్రోవేవ్‌కు 12, కరెంటు మీద పెట్టిన గీజర్‌కు మరో 12. ఖాళీ బ్యాటరీతో చేరితే కన్వర్టర్ కూడా 8 దాకా తింటుంది. ఇందులో ఏసీతో పాటు ఇంకో రెండు కలిసి నడిచాయా, బ్రేకర్ పడిపోయినట్టే. గీజర్‌ను గ్యాసు మీదికి మార్చుకోవడం తేలిక మార్గం. 50 ఆంపియర్ల పాయింటు ఇంకో 20 మాత్రమే ఎక్కువ ఇచ్చేది కాదు. అందులో 120 వోల్టుల లైన్లు రెండుంటాయి కాబట్టి మొత్తం 12,000 వాట్లు. అడాప్టర్ ప్లగ్గు ఆకారం మారుస్తుందే తప్ప కరెంటు పెంచదు.

తగిలించే ముందు పెడెస్టల్ బ్రేకర్ ఆపాలి. ముందు సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజి హఠాత్తుగా ఎగిస్తే బండిని కాపాడే పరికరం) ఒక్కటే పెట్టి బ్రేకర్ వేసి, ఎర్తింగ్, వైరింగ్ సరిగా ఉన్నట్టు దాని లైట్లు చూపిస్తేనే మళ్లీ బ్రేకర్ ఆపి కేబుల్ కలపాలి. తీసేటప్పుడు మొదట ఏసీ ఆపాలి, తర్వాత బ్రేకర్, చివర ప్లగ్గు. ఏసీ నడుస్తుండగా లాగేస్తే ప్లగ్గు పిన్నులు మాడిపోతాయి.

కేబుల్ తగిలించాక బ్యాటరీ టెర్మినల్స్ మీద మీటరు పెట్టి చూడండి. 13.2 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే ఛార్జ్ అవుతోంది. 12.6 చూపించి దిగుతూ ఉంటే కావడం లేదు. కన్వర్టర్ బ్రేకర్, బ్యాటరీని విడదీసే డిస్‌కనెక్ట్ స్విచ్, బ్యాటరీ తీగలు తిరగేసి కలిపితే కాలిపోయే రివర్స్ పొలారిటీ ఫ్యూజులు వరసగా చూడాలి. ఎక్కువసార్లు దొరికేది ఆ స్విచ్చే. అది ఆఫ్‌లో ఉన్నా కొన్ని బండ్లలో కన్వర్టర్ నుంచి లైట్లు వెలుగుతాయి గనుక ఎవరికీ అనుమానం రాదు.

ఆర్వీ కొనుక్కుని ఇంటి దగ్గర పాయింటు పెట్టించుకునేవారికి ఒక మాట. 30 ఆంపియర్ల ఆర్వీ సాకెట్టుకు రావాల్సింది 120 వోల్టులు. అది బట్టల డ్రయర్ సాకెట్టులా కనిపించడంతో కొందరు ఎలక్ట్రీషియన్లు 240 ఇచ్చేస్తారు. అప్పుడు కన్వర్టర్, మైక్రోవేవ్, ఫ్రిజ్ బోర్డు ఒక్క దెబ్బకు పోతాయి. మీటరు 120 చూపించాకే కేబుల్ తగిలించండి.

ఇట్లు,
ఆర్వీ ఎలక్ట్రికల్ మెకానిక్కులు,
డాలస్, టెక్సాస్