గంజాయి ఒంట్లోకి పోయాక ఏం చేస్తుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కావలి, ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. పేపర్లో గంజాయి న్యూస్ వచ్చినప్పుడల్లా ఎన్ని కేజీలు దొరికింది, ఎంతమందిని పట్టుకున్నారు, ముసుగులేసిన ఫోటో, అంతే. మొన్న క్లాసులో ఒక పిల్లోడు లేచి ఆకే కదా సార్, దాంతో ఏమవుద్ది అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలా, భయమేసింది.

ఆ రోజు సిలబస్ పక్కనపెట్టి చెప్పా. మెదడులో ఒక కణం ఇంకో కణానికి సిగ్నల్ పంపుతా ఉంటే, అందుకునే కణం ఇంక చాలు అని వెనక్కి ఒక పదార్థం వదుల్తుంది, పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళకి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఆ పదార్థం, సిగ్నల్ పంపే కణం మీద దాన్ని పట్టుకోడానికి ఉండే సీబీ1 అనే రిసెప్టర్‌కి అతుక్కుంటే సిగ్నల్ తగ్గుద్ది. అలాంటి పదార్థం ఒకటి 1992లో కనిపెట్టి, మన ఆనందం అనే మాట మీదే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. అది కావాల్సిన చోట కావాల్సినంతే పుట్టి, వెంటనే విరిగిపోద్ది. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ అలా కాదు, ఆ రిసెప్టర్లకే అతుక్కుని అన్ని విస్తళ్ళ మీదా ఒకేసారి చెయ్యి పెట్టేసి తీయదు, పైగా ఒంట్లో కొవ్వులో చేరి రోజుల తరబడి ఉంటుంది. జ్ఞాపకం ఉండే హిప్పోక్యాంపస్‌లో, బ్యాలెన్స్ చూసే చిన్నమెదడులో ఈ రిసెప్టర్లు ఎక్కువ, అందుకే చదివింది నిలవదు, హైవే మీద బండి తోలితే చెయ్యి మాట వినదు. పదహారు పదిహేడేళ్ళకి మెదడు ఇంకా తయారవుతానే ఉంటుంది, అసలు బాధ అదే.

గంజాయి జబ్బులకి వాడే మందే కదా అని ఇంకొకడు అన్నాడు. మూర్ఛకి అమెరికాలో 2018లో ఒప్పుకున్నది గంజాయి మొక్క నుంచే తీసి శుద్ధి చేసిన సీబీడీ, అది టీహెచ్‌సీ కాదు, వేరే పదార్థం, సీబీ1కి సరిగ్గా అతుక్కోదు, మత్తు రాదు. నల్లమందులాగా ఇది ఊపిరి ఆపదన్నది కూడా నిజమే, ఊపిరి చూసే భాగంలో ఈ రిసెప్టర్లు చాలా తక్కువ, అదీ దాచకుండా చెప్పా, ఎందుకంటే ఒక్క అబద్ధం దొరికితే పిల్లలు ఇంకేదీ నమ్మరు.

రోజూ తాగేవాళ్ళకి సీబీ1 రిసెప్టర్లు తగ్గిపోతాయి అని కూడా అన్నా. క్లాసయ్యాక ఆ మొదటి పిల్లోడే ఒక్కడే వచ్చి, మానేస్తే మళ్ళీ వస్తాయా సార్ అని మెల్లిగా అడిగాడు. కొన్ని వారాల్లో చాలావరకు వస్తాయి నాయనా అని చెప్పా. ఈసారి కేజీల లెక్క వేసినప్పుడు దాని పక్కన ఈ మాట కూడా వెయ్యండి సార్.

ఒక జూనియర్ లెక్చరర్, కావలి, నెల్లూరు జిల్లా