వార్షిక నివేదిక: లెక్క చెప్పాకే కిరీటం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన చరిత్ర అధ్యయన సంఘం ఒకే విషయం పట్టుకుంది. ప్రాచీన గ్రీకు నగరాలు తమ పూజారులను ఎలా సత్కరించేవి? నెలకో ఆదివారం కూర్చుని శాసనాల అనువాదాలు చదివాం.

అందరం ఎక్కువసేపు ఆగిపోయింది తిమోక్రితే దగ్గర. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఏథెన్స్‌లో అగ్లావ్రోస్ దేవతకు పూజారిణి ఆవిడ. ఆమె సత్కార శాసనం 1980లో అక్రోపోలిస్ కొండ తూర్పు వాలులో, ఆ దేవత గుడిలో నిలబెట్టిన చోటే దొరికింది. ఆ గుడి ఉత్తరం వైపు ఉండేదని అప్పటిదాకా అనుకునేవారు. ఒక సన్మాన పత్రం గుడి అడ్రసు తేల్చిందన్నమాట! అందులో మాకు నచ్చింది వరస. బలులు శుభంగా జరిగాయని ముందు నివేదిక వచ్చింది. ప్రజాసభ దాన్ని స్వీకరించింది. ఆ తర్వాతే ప్రశంస, కిరీటం.

క్రీ.పూ. 330 నాటి కోర్టు ప్రసంగంలో ఏథెన్స్ వక్త అయిస్కినీస్ ఇంకా గట్టిగా చెప్పాడు. పూజారులకు దక్కేది బలిలో వాటా మాత్రమే, చేసేది జనం కోసం ప్రార్థన. అయినా వాళ్లూ, యూమోల్పిదాయి లాంటి పూజారి వంశాలూ లెక్క అప్పజెప్పాల్సిందే. ఈ మాట విన్నాక చర్చ రాత్రి దాకా సాగింది.

ఏథెన్స్‌లోని దియోనిసోస్ దేవుడి నాటకశాల ముందు వరసలో పూజారికి చెక్కిన పాలరాతి సింహాసనం ఫోటోలు కూడా చూశాం. ఇక అథీనా పూజారిణి క్రిసిస్: ఏథెన్స్ నుంచి క్రీ.పూ. 106-105లో అపోలో దేవుడి క్షేత్రమైన దెల్ఫీకి వెళ్లిన ఊరేగింపులో ఆమె పాల్గొంది. దెల్ఫీ ఆమెకు దేవుడి కిరీటం, పన్ను మినహాయింపు, పోటీల్లో ముందు సీటు, భూమి, ఇల్లు కొనుక్కునే హక్కు ఇచ్చింది. సొంత ఊరి సభలో ఓటు లేని ఆడవాళ్ల పేర్లు ఇలా రాతికెక్కడం చూసి మాలో కొందరికి కళ్లు చెమర్చాయి.

గ్రీకు పేర్లు పలకడం కష్టమైంది. కొత్త సభ్యుల కోసం వచ్చే ఏడాది ఉచ్చారణ పట్టిక తయారుచేస్తాం. ప్రియేనే అనే గ్రీకు నగరంలో పూజారి పదవులను అమ్మిన శాసనాలు చదవాలన్నది ఆలోచన.

ఒక మార్పు. ఈసారి సర్వసభ్య సమావేశంలో శాలువాలు ముందు కప్పం. కోశాధికారి జమాఖర్చులు చదివి, మీరు ఆమోదించాకే కార్యవర్గానికి సన్మానం.

— కార్యదర్శి