కార్తీకంలో పాపికొండల బోటు: డబ్బు ఇప్పుడే కట్టకండి

వినాయక చవితి దాటిందంటే రాజమండ్రిలో మా టూరు ఆఫీసు ఫోనుకి ఊపిరాడదు. "మేడమ్, కార్తీకంలో పాపికొండలకి బోటు బుక్ చేసుకోవచ్చా? తుపానులేమైనా వస్తాయా?" అని రోజుకి పది మందైనా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఒకసారి రాసిపెడదామని కూర్చున్నాను. టికెట్లు అమ్ముకుని బతికే మనిషిని, అయినా నా మొదటి మాట ఇదే. బోటు డబ్బు ఇప్పుడు కట్టకండి.

ఎందుకో చెప్పాలంటే పోయిన కార్తీకంలో నేను చేసిన తప్పు దగ్గర మొదలుపెట్టాలి. 2025లో కార్తీకమాసం అక్టోబర్ 22న వచ్చింది. మొదటి సోమవారం 27వ తేదీ. ఆ వారానికి మా దగ్గర 64 సీట్లు బుక్ అయ్యాయి. అందరి దగ్గరా పూర్తి డబ్బు తీసుకున్నాం, అందులో ముప్పాతిక వంతు బోటు యజమానికి ఇచ్చేశాం. కార్తీకంలో అలా ఇవ్వకపోతే సీట్లు ఇంకొకరికి పోతాయి. ఇంతలో మొంథా తుపాను మీదికొచ్చింది. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. బోట్లు అంతకుముందే ఆపేశారు.

నేను డబ్బు అడిగితే బోటాయన "డీజిలుకీ రిపేర్లకీ అయిపోయిందమ్మా, తర్వాతి ట్రిప్పుల్లో సర్దుదాం" అన్నాడు. నేను అదే మాట బుక్ చేసుకున్నవాళ్లకి చెప్పాను. రసీదు వెనక "వాతావరణ కారణాలకు మా బాధ్యత లేదు" అని చీమ తలకాయంత అక్షరాల్లో మేమే అచ్చు వేయించుకున్నాం కదా, అది చూపించాను. నల్గొండ వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్‌లో నెమ్మదిగా అడిగారు: "అమ్మా, తుపానుకి నీ బాధ్యత లేదు, ఒప్పుకుంటాను. నా డబ్బుకి కూడా లేదా?" ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. రోజంతా తిట్లు తిని అలిసిపోయి బాగానే పడుకున్నాను. పొద్దున్న లేచాక మాత్రం ఆయన ప్రశ్నకి జవాబు దొరకలేదు. మా ఆయనా నేనూ కూర్చుని లెక్క చూసుకుని, చీటీ పాడి, సంక్రాంతిలోపు ఒక్కొక్కరికీ తిరిగి ఇచ్చుకుంటూ వచ్చాం. ఆ రసీదు పుస్తకం ఇప్పుడు లేదు.

ఇక నది సంగతి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. "రాజమండ్రిలో ఎండ మండిపోతోంది, బోటెందుకు ఆపారు?" అని కోప్పడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. పాపికొండల మధ్య నీళ్లు రాజమండ్రి వానతో పెరగవు. పైన మహారాష్ట్రలో కురిస్తే ప్రాణహిత, ఛత్తీస్‌గఢ్‌లో కురిస్తే ఇంద్రావతి, ఒడిశా వైపు కురిస్తే శబరి పొంగి గోదావరిలో కలుస్తాయి. శబరి అయితే కూనవరం దగ్గర, అంటే కొండల్లోకి వచ్చే ముందే కలుస్తుంది. అందుకే నేను పొద్దున్నే మన ఊరి ఆకాశం చూడను, భద్రాచలంలో నీటిమట్టం చూస్తాను. అక్కడ పెరిగింది మనకి ఆ తర్వాత కనపడుతుంది.

ఇంకో పొరపాటు చదువుకున్నవాళ్లు చేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. టీవీలో ఆ హెచ్చరిక రాలేదు కాబట్టి బోటుకి ఢోకా లేదనుకుంటారు. 2019 సెప్టెంబర్ 15న ఇదే పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు గోదావరిలో ఉన్నది దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. హెచ్చరిక అంకెలో సగం. ఆ హెచ్చరికలు నది మధ్య ఉండే లంక గ్రామాల కోసం, గట్ల కోసం పెట్టినవి. కొండల మధ్య నది ఇరుకై, మలుపు తిరిగి, సుడులు తిరిగే చోట లాంచీకి సగం వరదైనా చాలు. ఆ రోజు బతికి బయటపడింది 26 మంది. మునిగిన బోటుని ధర్మాడి సత్యం బృందం పైకి లాగడానికి నెల దాటింది. ఆ నెలంతా రేవులో ఉన్నవాళ్లం మేం, ఆ కచ్చులూరు మలుపు దాటేటప్పుడు నాకిప్పటికీ మాట రాదు. తర్వాత చాలా కాలం బోట్లు తిరగలేదు. మళ్లీ వదిలాక కంట్రోల్ రూములు వచ్చాయి, పేర్లు రాసుకోకుండా ఎక్కించడం లేదు, లైఫ్ జాకెట్ లేనిదే కదలనివ్వరు. అయినా అరగంటకే ఉక్కపోస్తోందని జాకెట్ విప్పి సీటు కింద పెట్టేవాళ్లని ప్రతి ట్రిప్పులోనూ చూస్తున్నాను. మా గ్రూపులో అలా చేస్తే నేను నోరు పారేసుకుంటాను, ముందే క్షమించండి.

ఈ ఏడాది, అంటే 2026లో, ఒక మంచి, ఒక చెడ్డ. అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆ తర్వాతి పండగలన్నీ ఆలస్యంగా వస్తున్నాయి. కార్తీకం నవంబర్ 10న మొదలవుతుంది, పౌర్ణమి 24న. అప్పటికి ఎర్రనీరు పోయి నది తేటపడి ఉంటుంది, పోయినేడు అక్టోబర్‌తో పోలిస్తే వరద భయం తక్కువ. అది మంచి. బంగాళాఖాతంలో తుపానుల కాలం మాత్రం అప్పటికీ అయిపోదు. మిచౌంగ్ 2023లో బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న! కాబట్టి "నవంబర్ నెలాఖరు కదా, ఏం కాదు" అని నేను మాటివ్వను. ఎవరైనా ఇస్తే, వాళ్ల రసీదు వెనక ఏం రాసుందో చదవండి.

మరి ఏం చేయాలి? ముందు రైలు టికెట్ చూసుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఉదాహరణకి నవంబర్ 23 సోమవారం బోటెక్కాలంటే 22 రాత్రి హైదరాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, దానికి టికెట్లు సెప్టెంబర్ 23 పొద్దున్నే తెరుచుకుంటాయి. సాయంత్రానికి ఏమీ మిగలవు. రూము రాజమండ్రిలోనే తీసుకోండి, రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే రూము అయితే వందో రెండొందలో ఎక్కువైనా పర్లేదు. బోటు సీటుకి మాత్రం నాకు పేర్లు, ఎంతమందో చెప్పండి చాలు. తలకి 200 రూపాయలు పెట్టి సీటు ఆపుతాను. ప్రయాణానికి మూడు రోజుల ముందు నేనే ఫోన్ చేస్తాను, అప్పటికి భద్రాచలం మట్టం, వాతావరణ శాఖ బులెటిన్ రెండూ చేతిలో ఉంటాయి. మిగతా 1,100 అప్పుడు కడితే సరిపోతుంది. బోట్లు ఆపితే మీ డబ్బు మొత్తం, ఆ 200తో సహా, వారంలో వెనక్కి వస్తుంది. మీకే వీలుకాక మానుకుంటే 200 మాది.

ఈ పద్ధతికి బోటాయన ఒప్పుకున్నాడా అంటే, సగమే ఒప్పుకున్నాడు. పౌర్ణమి రోజుకీ, నాలుగు కార్తీక సోమవారాలకీ ముందు డబ్బు లేకుండా సీట్లు ఆపనంటున్నాడు. ఆ ఐదు రోజులూ మా దగ్గర సీట్లు తక్కువ ఉంటాయి. అదే కావాలనుకునేవాళ్లు వేరే ఆఫీసులో చూసుకోండి, నేనేమీ అనుకోను. నన్నడిగితే మాత్రం బుధవారమో గురువారమో రండి. శివుడికి వారంతో పనేముంది? బోటు ఆగే పేరంటపల్లి శివుడి గుడిలో సోమవారం తోపులాటలో దణ్ణం పెట్టుకోవడానికీ, బుధవారం అక్కడి చెట్ల కింద కాసేపు కూర్చుని రావడానికీ చాలా తేడా ఉంది. పులిహోర కూడా వేడిగా దొరుకుతుంది.

"బోటు ఆగితే అదే డబ్బుకి మారేడుమిల్లి తీసుకెళ్లండి" అని అడుగుతారు. మామూలు వరదకి ఆగితే తీసుకెళ్తాను. తుపానుకి ఆగితే తీసుకెళ్లను. అలాంటి రోజున ఘాట్ రోడ్డు మీద చెట్లు, బండరాళ్లు పడతాయి. వ్యాన్ నడిపేది మా ఆయన, నాకు ఆయనతో ఇంకా పనుంది. అప్పుడు చూపించేది ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, వాన తగ్గితే కడియం నర్సరీలు, అంతే.

విజయవాడ నుంచి ఒకబ్బాయి వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి బోటులోనే చేస్తాననీ, నలభై మందికి బోటు మొత్తం మాట్లాడమనీ అడిగాడు. మంచి బేరం. వద్దన్నాను. పురోహితుడు, బంధువులు, భోజనాలు అన్నీ ఒక్క బోటు మీద పెట్టుకుంటే, ఆ ముందురోజు సాయంత్రం బోట్లు ఆపారని కబురొస్తే, ముహూర్తం ఏం చేస్తారు బాబూ? ఫంక్షన్ రాజమండ్రి హాల్లో పెట్టుకుని, బోటు మర్నాటికి ఉంచుకోమన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు.

అన్నట్టు, గోదావరి పుష్కరాలకి బోటు కూడా కలిపి ప్యాకేజీ ఇవ్వమంటూ ఇప్పటినుంచే అడుగుతున్నారు. పుష్కరాలు 2027 జూన్ 26న మొదలవుతాయి. అప్పటికి వానలు పడుతుంటాయి, ఎర్రనీరు ఎప్పుడు దిగుతుందో చెప్పలేం. స్నానానికి, రూముకి, వ్యాన్‌కి సాయం చేస్తాను. బోటుకి మాత్రం ఒక్క రూపాయి కూడా ముందు తీసుకోను.

చివరగా ఒక పాత లెక్క. మొంథా అప్పుడు బుక్ చేసుకున్నవాళ్లలో రెండు కుటుంబాల నంబర్లు ఇప్పుడు పలకడం లేదు. ఒకరివి మూడు సీట్లు, ఒకరిది ఒకటి. కలిపి 5,200 రూపాయలు కవర్లో పెట్టి బీరువాలో ఉంచాను. ఈ మాట మీదాకా వస్తే పాత రసీదు ఫొటో తీసి పంపండి. రసీదు పోయినా పర్లేదు, ఏ రోజుకి బుక్ చేశారో చెప్తే నేను గుర్తుపడతాను.