మటన్ ఉడక్కపోతే హార్మోన్ల తప్పేనా?

సంపాదకులకు,

కూరలో ముక్క సాగితే చాలు, ‘హార్మోన్లు పొడిచి పెంచిన పొట్టేలు’ అనేయడం మామూలైపోయింది. ఈ మధ్య పత్రికల్లోనూ అదే మాట కనిపిస్తోంది. గొర్రెల్లో వాడే హార్మోన్ ఏది, అది మాంసాన్ని ఏం చేస్తుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మాంసం కోసం పెంచే గొర్రెపిల్లలకు అమెరికాలో అనుమతి ఉన్న ఇంప్లాంట్ (త్వరగా పెరగడానికి చర్మం కింద పెట్టే మందు) జెరనాల్. ఇది ఇంజక్షన్ కాదు. 12 మిల్లీగ్రాముల చిన్న బిళ్లను లావు సూది గన్‌తో చెవి వెనక, చర్మానికీ మృదులాస్థికీ మధ్య పెడతారు. అది వారాల తరబడి కరుగుతూ ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. పెట్టాక 40 రోజులు దాటితేనే కోయాలి. ఈనడానికి ఉంచుకునే పిల్లలకు పెట్టకూడదు. మేకల కోసం అక్కడ ఆమోదం పొందిన ఇంప్లాంట్ ఒక్కటీ లేదు. ఆస్ట్రేలియాలో ఇవి ఆవులు, ఎద్దులకే పరిమితం, గొర్రెల్లో వాడరు. కాబట్టి గల్ఫ్‌లో ఆస్ట్రేలియా మటన్ కొనే మనవాళ్లకు ఈ బెంగ అక్కర్లేదు. యూరప్ అయితే పెరుగుదల హార్మోన్లను 1980ల్లోనే మొత్తంగా నిషేధించింది.

బిళ్ల పెట్టడంలో చెయ్యి తప్పితే పని చెడుతుంది. సూది మురికిదైతే చెవి చీము పట్టి బిళ్ల బయటికి వచ్చేస్తుంది. బిళ్ల నలిగితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. విత్తులు కొట్టిన పోతుల్లో ఈస్ట్రోజెన్ ఎక్కువైతే చనుమొనలు ఉబ్బుతాయి, పురీషనాళం జారుతుంది, మూత్రనాళం పక్కనుండే గ్రంథులు పెరిగి మూత్రం బిగుస్తుంది. పైగా దాణా, మాంసకృత్తులు దండిగా పెట్టే చోటే దీని ఫలితం కనిపిస్తుంది. బీళ్లలో, మోళ్లలో మేసే మన మందకు పెడితే డబ్బు దండగ.

ఇక మాంసం సంగతి. ఇంప్లాంట్ పెట్టిన పిల్లలో కండ పెరుగుతుంది, కొవ్వు కొంత తగ్గుతుంది. రుచిలో తేడా పట్టుకోవడం కష్టం. పట్టుబడేది ఎముక దగ్గర. అమెరికాలో ముంగాలి కీలు విరిచి చూస్తారు. ఎర్రగా, రంపపు పళ్లలా విరిగితే లేతది, నున్నగా ఊడివస్తే ముదురు. ఈస్ట్రోజెన్ ఎముక ఎదిగే చోటును ముందే మూసేస్తుంది కాబట్టి పిల్ల కూడా ముదురు గొర్రె లెక్కలోకి పోయి ధర పడిపోతుంది. ముక్క గట్టిపడటమనే ఫిర్యాదు ఎక్కువగా పశుమాంసంలో, మగ హార్మోన్‌లా పనిచేసే ట్రెన్‌బొలోన్ కలిపిన ఘాటు ఇంప్లాంట్లను పదే పదే వాడినప్పుడు వచ్చేది.

మన దగ్గర ముక్క సాగడానికి కారణాలు వేరు. మొదటిది వయసు. కొట్లో తలకాయ పెట్టే ఉంటుంది, పెదవి ఎత్తి పళ్లు చూడండి. అన్నీ పాలపళ్లయితే లేతది, నాలుగు పెద్ద పళ్లు వచ్చిందంటే ముదిరినట్టే. రెండోది, లారీలో కుక్కి, నీళ్లివ్వకుండా తెచ్చి కోయడం. కోశాక ఆమ్లంగా మారాల్సిన కండలోని చక్కెర ముందే ఖర్చయిపోయి, పులుపును కొలిచే పీహెచ్ 5.5–5.8కి దిగదు. ఆరు పైన ఆగితే మాంసం నల్లబడి జిగటగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. మూడోది మన ఇళ్లలోనే జరుగుతుంది. పొద్దున కోసిన మాంసాన్ని నేరుగా డీప్ ఫ్రీజర్‌లో తోస్తే, కరిగించినప్పుడు కండ ముడుచుకుపోతుంది. తెచ్చిన పూటే వండాలి, లేదా ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచి తర్వాతే గడ్డకట్టించాలి.

అలాగని హార్మోన్లతో మనకు భయమే లేదనడం లేదు. ఉన్న భయం ముక్కలో కాదు, చెవిలో. కోశాక పారేసే భాగమనే అమెరికాలో బిళ్లకు చెవిని ఎంచుకున్నారు. మనం తలకాయను కాల్చి, చెవులతో సహా వండుకుంటాం. అక్కడ గొర్రె మాంసంలో జెరనాల్‌కు పెట్టిన పరిమితి వంద కోట్లలో 20 పాళ్లు. 50 గ్రాముల చెవిలో ఒక్క మిల్లీగ్రాము కరగకుండా మిగిలినా అది ఆ పరిమితికి వెయ్యి రెట్లు. ఎవరైనా ఇలాంటి బిళ్లలు దొంగచాటుగా తెచ్చి అమ్మితే ముందుగా నష్టపోయేది తలకాయ కూర తినేవాళ్లే. జీవాలను తనిఖీ చేసే పశువైద్యులు చెవి వెనక వేలితో తడిమి చూడటానికి అర నిమిషం పట్టదు.

పరీక్ష నివేదికలు ప్రచురించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మొక్కజొన్నకు పట్టే ఫ్యుజేరియం బూజు జెరాలెనోన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. జెరనాల్‌ను తయారుచేసేదీ దాన్నుంచే. వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్న గొర్రె ఒంట్లోనూ కొంత జెరనాల్ దానంతటదే పుడుతుంది. కనుక నమూనాలో జెరనాల్ కనబడిందని రాసేముందు, దాంతోపాటు జెరాలెనోన్ ఎంత ఉందో కూడా ప్రయోగశాలను అడగండి. అది లేకుండా ‘హార్మోన్ మటన్’ అని శీర్షిక పెడితే, బూజు మేత పెట్టిన కాపరి మీద దొంగమందుల నింద పడుతుంది.

– ఒక పశువైద్యుడు, మహబూబ్‌నగర్