గుంటూరు–బాపట్ల రోడ్డుకు ప్యాచీలు వద్దు, రోడ్డు వేయించండి

గౌరవనీయులైన రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది పొన్నూరు దాటాక ఒక చిన్న ఊరు, వ్యవసాయ కుటుంబం. గుంటూరు–బాపట్ల రోడ్డు గురించి అర్జీలు ఇవ్వాల్సిన చోటల్లా ఇచ్చాం. కాళ్లరిగేలా తిరిగాం. ఇక నలుగురూ చూసేలా మీకే రాయడం తప్ప వేరే దారి లేక రాస్తున్నాను.

ఈ రోడ్డు మీకు తెలియంది కాదు. బుడంపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిని దాటి నారాకోడూరు, చేబ్రోలు, నిడుబ్రోలు, పొన్నూరు, అప్పికట్ల మీదుగా బాపట్ల వెళ్లి 216వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. ఆ చివర నేషనల్ హైవే, ఈ చివర నేషనల్ హైవే. మధ్యలో ఉన్న సుమారు యాభై కిలోమీటర్లలోనే మా బతుకంతా ఉంది. రైల్లో పోదామంటే గుంటూరు నుంచి తెనాలి చుట్టూ తిరిగి రావాలి. అందుకే ఆస్పత్రికైనా, కాలేజీకైనా, కోర్టుకైనా మాకు ఈ రోడ్డే దిక్కు.

మా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి గుంటూరు తీసుకెళ్తుంటాను. ఎడమ చేతికి ఫిస్టులా పెట్టారు, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టారు. ఆ చేతికి దెబ్బ తగలకూడదు, బరువు పడకూడదు అని డాక్టరు మరీ మరీ చెప్పారు. బస్సు గుంతలో దిగినప్పుడల్లా ముందు సీటు కడ్డీ పట్టుకోవాలి కదా, పట్టుకోడానికి ఆమెకున్నది కుడి చెయ్యి ఒక్కటే. ఎడమ చేతిని పమిట కొంగులో చుట్టుకుని గుండెకు ఆనించుకుని కూర్చుంటుంది. పోయేటప్పుడు ఎలాగో ఓర్చుకుంటుంది, వచ్చేటప్పుడే నరకం. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి లేచిన మనిషి, బీపీ పడిపోయి ఉంటుంది, కళ్లు తిరుగుతుంటాయి, సూదులు తీసిన చోట దూది పెట్టి టేపు వేసి పంపుతారు. ఒకసారి చేబ్రోలు దాటాక బస్సు దబ్బున గుంతలో పడింది. ఆ కుదుపుకి కడ్డీకి చెయ్యి కొట్టుకుని టేపు కింద నుంచి రక్తం కారడం మొదలైంది. పక్క సీట్లో ఆవిడ తన తువ్వాలు ఇస్తే, దాన్ని మడిచి పొన్నూరు దాకా అదిమి పట్టుకునే వచ్చాను. అక్క నోరు మెదపలేదు. బస్సు దిగాక మాత్రం, "ఈ వారం మానేద్దాంరా తమ్ముడూ" అంది. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదండీ, ఆ రోడ్డు మీద మళ్లీ కూర్చోలేక అన్న మాట అది. డ్రైవర్ని ఏమనగలం? ఆయన గుంత తప్పించబోతే ఎదురుగా గ్రావెల్ టిప్పరు వస్తోంది.

కారు మాట్లాడుకోవచ్చు కదా అంటారు కొందరు. వెళ్లిన ప్రతిసారీ కారు కిరాయి పెట్టగలిగే వాళ్లెంతమంది మా ఊళ్లో? నిండు గర్భిణులు, నడుము ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, గుంటూరు ప్రభుత్వ పెద్దాస్పత్రి జీజీహెచ్‌కి రాసి పంపిన పేషెంట్లు అందరూ ఈ కుదుపుల్లోనే ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని పోతున్నారు.

రాష్ట్రంలో గుంత అన్నది కనిపించకూడదని 2024 నవంబరులో ప్రభుత్వం చెప్పింది, సంక్రాంతిని గడువుగా పెట్టుకుంది. మేం నమ్మాం. ప్యాచీలు వేశారు కూడా, వేయలేదని అబద్ధం చెప్పను. ఎలా వేశారో దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను. గుంత అంచులు చెక్కలేదు, లోపలి దుమ్ము ఊడ్వలేదు. కంకర, తారు కలిపి పోసి పైన రోలర్ ఒకసారి నడిపించి వెళ్లిపోయారు. వానలు పడగానే అది ముక్కలు ముక్కలుగా లేచింది. ఊడిన కంకర రోడ్డంతా పరుచుకుని ఇప్పుడు బైకులు జారుతున్నాయి.

మాది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. మీ ఇంజనీర్లకు నేను చెప్పేదేముంది. రోడ్డుకి రెండు పక్కలా పశ్చిమ డెల్టా మాగాణి. కాలువలు వదిలాక నెలల తరబడి చేలల్లో నీళ్లుంటాయి, ఆ తడి రోడ్డు అడుక్కి దిగుతుంది. అడుగు మెత్తబడ్డాక పైన ఎంత తారు పోస్తే మాత్రం నిలుస్తుందా? ఊళ్ల దగ్గర ఇంకా ఘోరం. ఎవరికి వాళ్లు మెరక తోలుకుని ఇళ్లు కట్టుకున్నారు, రోడ్డు పల్లమైపోయింది, పక్కన డ్రైనేజీ లేదు. వాన వెలిసిన మూడో రోజు కూడా నీళ్లు అక్కడే. ఆ నీళ్ల కింద గుంత ఎక్కడుందో తెలియక పడుతుంటే, కుర్రాళ్లు వేపకొమ్మ విరిచి దానికి ఎర్రగుడ్డ కట్టి గుంతలో పాతిపెడుతున్నారు. ప్రభుత్వం పెట్టాల్సిన బోర్డు అది.

నిన్న మొన్నటి ఊళ్లు కావండీ ఇవి. చేబ్రోలులో క్రీ.శ. 207 నాటి శాతవాహన శాసనం దొరికింది. నిడుబ్రోలు రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా గారు పుట్టిన ఊరు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలోనే జరిగింది, 1945లో అక్కడ వ్యవసాయ కళాశాల పెట్టారు. ఒకప్పుడు డెల్టా సరుకంతా కొమ్మమూరు కాలువలో పడవల మీద పోయేది. పడవలు ఆగిపోయాక ఆ బరువు రోడ్ల మీద పడింది. ధాన్యం లారీలు, చేబ్రోలు మండలం క్వారీల నుంచి గ్రావెల్, శని ఆదివారాలు సూర్యలంక బీచికి పోయే కార్లు, అన్నిటినీ మోసేది ఈ రోడ్డే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మళ్లీ అలాంటిది వస్తే గుంటూరు నుంచి జనరేటర్లు, మందులు, కరెంటు స్తంభాలు ఏ దారిన రావాలి?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మా కష్టం రెట్టింపయింది. పొన్నూరు గుంటూరు జిల్లా, అప్పికట్ల బాపట్ల జిల్లా. ఇక్కడ అడిగితే ఆ ముక్క మాది కాదంటారు, అక్కడ అడిగితే ఇవతలి వాళ్లను అడగమంటారు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీకి కొన్నాళ్లకు ఫోన్లో మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. ఆ మెసేజ్ చూసుకుంటూ గుంత పక్కనే నిలబడ్డానండీ. కోపం కాదు, ఏడుపొచ్చింది.

దయచేసి ఇక ప్యాచీలు వద్దు. బుడంపాడు నుంచి బాపట్ల దాకా జిల్లాలతో పని లేకుండా ఒకే రోడ్డుగా ఒకే ఎస్టిమేట్ వేయించండి. పాత అడుగు తవ్వించి గట్టి చేసి అప్పుడు తారు వేయించండి. ఊళ్లలో సిమెంటు రోడ్డు, రెండు పక్కలా డ్రైనేజీ కావాలి. పని చేసిన కాంట్రాక్టరు పేరు, ఎన్నేళ్లు బాధ్యత వహించాలో రాసి రోడ్డు మీదే బోర్డు పెట్టించండి. ఓవర్‌లోడ్ టిప్పర్లను ఆపించండి. ఇవన్నీ ఒక్కసారే కాదంటే ముందు చేబ్రోలు–పొన్నూరు మధ్య మొదలుపెట్టండి, వానలు రాకముందే మొదలుపెట్టండి. ఎప్పుడు మొదలవుతుందో తేదీ చెప్పండి, అంతవరకైనా మా అక్కకు నచ్చజెప్పుకుంటాను.

ఇట్లు,
పొన్నూరు మండలం నుంచి ఒక రైతు