కృష్ణానగర్‌లో ఎదురుచూడటం దేనికి?

సంపాదకులకు నమస్తే.

సినిమా చాన్సుల కోసం హైదరాబాద్ కృష్ణానగర్‌లో తిప్పలు పడుతున్న మన ఉత్తర తెలంగాణ పిల్లల మీద మీరు వేసిన కథనం చదివాను. అంతా నిజమే, కానీ టాలెంట్ ఉంటే ఎప్పటికైనా చాన్స్ వస్తుందని చివర్లో రాశారు చూడండి, అక్కడే నాకు పేచీ. వచ్చేదాకా రూం కిరాయి ఎవరు కట్టాలి? ఆడిషన్ అని పిలిచి ఫొటోలకు ఇంత, కార్డుకు ఇంత అని గుంజేవాళ్ల సంగతి సరేసరి.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానల్ మొదలైంది. ఊళ్లోనే, ఊరివాళ్లతోనే తీశారు. అందులో నటించిన గంగవ్వకు సినిమా వేషాలు ఆ తర్వాత వచ్చినవే.

నేను హనుమకొండలో షార్ట్ ఫిల్ములు రాసి తీస్తుంటాను. చేతిలో ఏముందో చూసుకునే కథ రాస్తా. మామకు ఆటో ఉంటే ఆటో కథ. 1934లో పెట్టి 2002లో మూసేసిన ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసినవాళ్లు వరంగల్‌లో ఇంకా ఉన్నారు, ఒక పూట వాళ్ల దగ్గర కూర్చుంటే ఒక్క స్క్రిప్టు కాదు, నాలుగు వస్తాయి. మా పెద్దమ్మకు డైలాగ్ పేపర్ ఇస్తే చదివించుకొని విని, ‘గిట్ల ఎవలు మాట్లాడుతరు బిడ్డా’ అని తన మాటల్లో చెప్పేసింది. అదే ఉంచాను.

కెమెరా గురించి టెన్షన్ వద్దు, ఫోన్ చాలు. ప్రాణం తీసేది సౌండే. ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ప్లగ్ పీకి, పక్కింటి బోరు మోటర్ ఆగేదాకా చెమటలు కక్కుతూ కూర్చొని, ఇక యాక్షన్ అందామనుకునేసరికి వీధిలోకి మైకు పెట్టుకొని కూరగాయల బండి వస్తుంది (ఎన్నిసార్లు వచ్చిందో అడగకండి).

అసలు కొరత చూపించుకునే చోటుకే. యూట్యూబ్‌లో పెడితే వ్యూస్ అంకె కనబడుతుంది గానీ, చూసేవాళ్ల మొహాలు కనబడవు కదా. మా వాడలో గణపతి మండపం దగ్గర ప్రొజెక్టర్ కిరాయికి తెచ్చి తెల్ల దుప్పటి మీద వేస్తే, రెండో సీను నడుస్తుండగానే పిల్లలంతా లేచి పులిహోర దగ్గరికి పోయారు. ఎక్కడ కత్తిరించాలో అంతకన్నా బాగా ఎవరు చెబుతారు?

హనుమకొండలోనే 2024లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం ఉంది, పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. నెలకు ఒక్క సాయంత్రం, మేం భరించగల కిరాయికి, స్థానికుల షార్ట్ ఫిల్ములకు ఇవ్వమని అధికారులను అడుగుతున్నాం. పర్మిషన్ల తతంగం ఏమన్నా ఉంటే అదీ ఒకే కౌంటర్‌లో తేల్చాలి. మీరు కూడా జిల్లా పేజీలో కొత్త సినిమాల రివ్యూల పక్కన, ఆ నెల ఇక్కడివాళ్లవి ఏం వేస్తున్నారో రెండు లైన్లు వేయండి. చూడ్డానికి జనాన్ని పోగుచేసే పూచీ మాది.

– ఓ షార్ట్ ఫిల్మ్ రచయిత, హనుమకొండ