ఆరు ఫ్యాన్లు కొనేముందు

తల్లీ,

గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలకు పోతోందనీ, ఆరు ఫ్యాన్లు ఒకేసారి తెప్పించుకుంటాననీ రాశావు. తెప్పించుకుందువుగానీ, ఆర్డరు పెట్టేముందు ఒక్క పని చెయ్యి.

కేబినెట్ పక్క పలక ఊడదీసి పక్కన పెట్టు. పలక ఉన్నప్పుడు ఒకసారి, తీశాక ఒకసారి అదే గేమ్‌ని అవే సెట్టింగులతో 20 నిమిషాలు ఆడి, కార్డు వేడి అంకె రాసుకో. గది వేడి రెండుసార్లూ ఒకేలా ఉండాలి, లేకపోతే పోలిక చెల్లదు. పలక లేనప్పుడు ఏడెనిమిది డిగ్రీలు తగ్గిందంటే లోపలికి గాలి అందడం లేదన్నమాట. ఒకటి రెండు డిగ్రీలే తగ్గిందంటే తప్పు కేబినెట్‌ది కాదు. కార్డు హీట్‌సింక్‌లో, అంటే వేడిని లాగే లోహపు రెక్కల్లో, దుమ్ము గడ్డకట్టి ఉండాలి, లేదా చిప్పుకూ దానికీ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండాలి. అప్పుడు ఆరు ఫ్యాన్లు పెట్టినా ఆ అంకె కదలదు.

పలక తీస్తే తగ్గింది అనుకుందాం. ఇప్పుడు పలక బిగించేసి, ముందువైపు ముఖాన్నీ దాని వెనక ఉన్న దుమ్ము జల్లెడనీ మాత్రం తీసి మళ్లీ చూడు. నీ కేబినెట్ ముందంతా అద్దం, గాలికి ఉన్నది పక్కనున్న సన్నటి చీలికలే. అడ్డంకి అక్కడే ఉంటే ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా అది గొంతు పట్టుకున్నట్టే తిరుగుతుంది. అలాంటప్పుడు ఫ్యాన్ల డబ్బు జాలీ ముఖం ఉన్న కేబినెట్ మీద పెట్టడమే మేలు. ముందు చవకైన ఉపాయం కూడా చూడు: జల్లెడ కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తిరిగి పెట్టు. చాలాసార్లు జబ్బంతా అందులోనే ఉంటుంది.

ఆరు ఎందుకు వద్దంటున్నానో లెక్కతో చూపిస్తాను. లోపలికి వచ్చిన గాలి బయటికి పోయేలోపు ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో తెలియాలంటే, ఖర్చయ్యే వాట్లను 1.76తో హెచ్చించి, గాలి ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) ఉందో దానితో భాగించు. నీ మిషన్ 400 వాట్లు తీసుకుంటోందనుకో. 50 సీఎఫ్‌ఎం గాలి పారితే తేడా 14 డిగ్రీలు. 100 అయితే 7. 200 అయితే మూడున్నర. మొదటి రెట్టింపుకు 7 డిగ్రీలు కలిసొచ్చాయి, రెండోదానికి అందులో సగమే. ఎన్ని పెట్టినా గది గాలికంటే చల్లగా మాత్రం కాదు.

ఫ్యాన్ పెట్టె మీది సీఎఫ్‌ఎం అంకెను ఉన్నదున్నట్టు నమ్మకు. ఎదురుగా ఏ అడ్డూ లేనప్పుడు కొలిచినది అది. పక్కనే ఉండే స్టాటిక్ ప్రెషర్ అంకె, గాలి దారి పూర్తిగా మూసేసినప్పుడు వచ్చే ఒత్తిడి. ఈ రెండూ ఒకేసారి ఎప్పుడూ దొరకవు, నీ కేబినెట్‌లో పని జరిగేది ఈ రెంటికీ మధ్య ఎక్కడో. అందుకే జల్లెడ వెనకో, నీటితో చల్లబరిచే కూలర్ రేడియేటర్ మీదో పెట్టేదానికి ప్రెషర్ ఎక్కువున్నది చూసుకో. వెనకాల ఖాళీ జాలీకి బిగించేదానికి అంత పట్టింపు అక్కర్లేదు.

సైజు విషయంలో నా మాట ఖాయం: 140 మిల్లీమీటర్లది పట్టే చోట 120 పెట్టకు. వైశాల్యం మూడో వంతుకు పైగా ఎక్కువ, కాబట్టి అంతే గాలిని నెమ్మదిగా తిరిగి ఇస్తుంది. చప్పుడు తేడా చిన్నది కాదు. వేగం సగానికి దించితే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది, అదే ఒకటికి రెండు ఫ్యాన్లు పెడితే పెరిగేది 3 మాత్రమే. పెద్దవి, తక్కువ వేగంలో: ఇదే సూత్రం. కొనేముందు స్కేలు పెట్టి కొలువు. 120కి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు, 140కి 124.5. మందం మామూలుగా 25, కార్డు కొసకూ ముందు ముఖానికీ మధ్య అంత చోటుందో లేదో చూడు.

నీకు నేనైతే ముందు రెండు 140లు లోపలికి, వెనక ఒక 120 బయటికి పెడతాను. కింది ఫ్యాన్ సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు ఎత్తులో ఉండాలి. వచ్చేది పోయేదానికంటే కాస్త ఎక్కువగా ఉంటే గాలి జల్లెడ గుండానే వస్తుంది. తిరగబడితే ప్రతి సందులోంచీ దుమ్మును పీల్చుకుంటుంది. పైన ముందు చోటులో బయటికి ఊదే ఫ్యాన్ మాత్రం పెట్టకు, ముందునుంచి వచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ కూలర్‌కు అందకముందే పైకి లాగేస్తుంది.

ఫ్యాన్‌ను చేతిలోకి తీసుకుని చూడు. ఒకవైపు రెక్కలు బాహాటంగా కనిపిస్తాయి, రెండోవైపు మధ్యలో స్టిక్కరు, దాన్నుంచి నాలుగు మూలలకూ ప్లాస్టిక్ చువ్వలు. గాలి చువ్వల వైపు నుంచి బయటికొస్తుంది. కొన్నిటి అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. బిగించాక సన్నని కాగితపు ముక్క దగ్గర పెట్టి చూసుకో, తిరగేసి బిగించడం చాలా మామూలు పొరపాటు. స్క్రూలు ప్లాస్టిక్‌ను కోసుకుంటూ పోతాయి కనుక నాలుగూ సగం సగం తిప్పి, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించు.

నాలుగు పిన్నులవే తీసుకో. మూడు పిన్నులవాటిని వోల్టేజీ తగ్గించి నెమ్మది చెయ్యాలి, మరీ తగ్గిస్తే ఆగిపోతాయి. నాలుగో పిన్ను ఉన్నవాటికి 12 వోల్టులు అలాగే ఉండి, వేగం సంకేతంతో మారుతుంది. మదర్‌బోర్డులో ఒక్కో ఫ్యాన్ హెడర్‌కు (ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నుల చోటుకు) మామూలుగా 1 ఆంపియర్ పరిమితి, నీ బోర్డు మాన్యువల్‌లో చూసి నిర్ధారించుకో. ఒకే హెడర్‌కు రెండు ఫ్యాన్లు కలిపే స్ప్లిట్టర్ వైరు వాడితే స్టిక్కర్ల మీది ఆంపియర్లు కూడి ఆ పరిమితి లోపే ఉండేలా చూడు. స్ప్లిట్టర్‌లో ఒక్క ఫ్యాన్ వేగమే బోర్డుకు చేరుతుంది, రెండోది ఆగినా నీకు తెలియదు. ప్రాసెసర్ కూలర్ కనెక్టర్‌ను దాని హెడర్ నుంచి తీయొద్దు, బూట్ అయ్యేటప్పుడు ఎర్రర్ చూపిస్తుంది.

రంగు దీపాలున్నవి కొంటే ఇంకో జాగ్రత్త. 5 వోల్టుల దీపాల వైరును 12 వోల్టుల హెడర్‌కు పెట్టావంటే దీపాలు అక్కడికక్కడే కాలిపోతాయి. గుచ్చేముందు బోర్డు మీద అచ్చయిన వోల్టేజీ చదువు.

ఇక వేగం. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీత, మామూలుగా ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు కట్టి ఉంటుంది, అది క్షణక్షణం ఎగిరిపడుతుంది కాబట్టి ఫ్యాన్లూ హోరుమని లేచి పడుతుంటాయి. స్పందన ఆలస్యం అనే అమరిక ఉంటే పెంచు. గ్రాఫిక్స్ కార్డు వేడికి కట్టగలిగితే ఇంకా మంచిది, నీ వేడంతా అక్కడిదే కదా.

శుభ్రం చేసేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకుని ఊదు. ఊదుడుకు గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది.

మూడు అంకెలు రాసి పంపు: మామూలుగా ఎంత, పక్క పలక లేకుండా ఎంత, ముందు ముఖం లేకుండా ఎంత. పక్క పలక తీశాక లోపలి ఫోటో ఒకటి కూడా. అవి చూశాక ఏ రెండు మూడు కొనాలో కలిసి తేలుద్దాం.

నాన్న